కాలువ గట్టున క్లౌ దొర

ఒంగోలు నుంచి కొత్తపట్నం పోయే దారిలో బకింగ్‌హాం కాలువ అడ్డం వస్తుంది. కొత్తవాళ్ళు చూస్తే ఏదో ఉప్పువాగు అనుకుంటారు. గట్ల నిండా చిల్లకంప, అక్కడక్కడ పూడిక. ఒకప్పుడు మద్రాసుకూ బెజవాడకూ మధ్య ఉప్పు, ధాన్యం, కట్టెలు ఈ నీళ్ళ మీదే పడవల్లో నడిచాయంటే నమ్మబుద్ధి కాదు. 2008లో ఢిల్లీవాళ్ళు దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. చిల్లచెట్లకు ఆ కబురు ఇంకా చేరినట్టు లేదు.

ఆ గట్టున టీ బంకు దగ్గర నెలకోసారి ఇద్దరు పెద్దవాళ్ళు కలుస్తారు. ఒకరు ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయిన ఇంజనీరు, రెండోవారు హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పిన మాస్టారు. ఇద్దరికీ షుగరుంది. చక్కెర లేని టీ చెప్పి, పక్కన బిస్కెట్లు తెప్పించుకుంటారు. వాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి తెగని వ్యాజ్యం ఒకటుంది. అందులో ప్రతివాది పోయి నూరేళ్ళు దాటింది. ఆయన జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. ఇంగ్లీషులో ఆ ఇంటిపేరును 'క్లఫ్' అంటారు. ఒంగోలు నోట్లో పడ్డాక 'క్లౌ' అయింది, వెనక 'దొర' చేరింది.

వింతేమిటంటే దొరను వెనకేసుకొచ్చేది ఇంజనీరు గారు. ఆయన ఇంట్లో శనివారం తప్పకుండా వెంకటేశ్వరస్వామికి దీపం పెడతారు. దొరను నిలదీసేది మాస్టారు. ఆయన ముత్తాత ఈ కాలువలో మట్టి తట్ట మోశాడు, ఆ తర్వాత గుండ్లకమ్మ ఏట్లో మునిగి లేచి బాప్తిస్మం తీసుకున్నాడు. పక్షాలిలా తారుమారు కావడం వల్లే ఆ తగాదా వినాలనిపిస్తుంది. ఎవరేమంటారో ముందే తెలిసిన వాదనకు టీ ఖర్చు కూడా దండగే.

"ముందు మనిషిని చూడండి మాస్టారూ," అని మొదలుపెట్టారు ఇంజనీరు గారు. "1836లో న్యూయార్క్ రాష్ట్రంలో ఫ్రూస్‌బర్గ్ దగ్గర పుట్టాడు. కుర్రతనంలో మిన్నెసోటాలో గొలుసు పట్టుకుని సర్వే పని చేశాడు. అయోవాలో బర్లింగ్టన్‌లో కాలేజీలో చేరేటప్పుడు లాయరు కావాలని ఆశ. ప్రీచరు కావాలన్నది ఆ తర్వాత వచ్చిన ఆలోచన. 1865లో నెల్లూరు, 1866లో ఒంగోలు. నన్నడిగితే ఆయన ముందు సర్వేయరు, తర్వాతే పాస్టరు."

"వచ్చాడు సరే, ఎక్కడికొచ్చాడో కూడా చెప్పండి. ఆరిపోబోతున్న దీపం దగ్గరికొచ్చాడు," అన్నారు మాస్టారు.

ఆ మాట నిజం. అమెరికన్ బాప్టిస్టులు తెలుగువాళ్ళ మధ్య పని మొదలుపెట్టింది 1836లో, శామ్యూల్ డేతో. 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్ళు గడిచినా మతంలో కలిసినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. 1853లో ఆల్బనీ పట్నంలో జరిగిన మిషను సభలో, ఈ ఖర్చు దండగ, ఎత్తేద్దామన్న మాట వచ్చింది. పటంలో నెల్లూరొక్కటే ఒంటరి చుక్కలా ఉందని ఒకాయన అన్నాడు. అమెరికా దేశభక్తి గీతం రాసిన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అదే సభలో ఉన్నాడు. 'లోన్ స్టార్' పేరుతో ఆయన ఒక పద్యం కట్టి ఇచ్చాడు. పద్యం మిషనును బతికించిందని చెబుతారు. మరుసటి జనవరి ఒకటిన, అంటే 1854లో, లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్ళు తెల్లవారుతుండగా ఒంగోలు కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్ళు, జూలియా, రూత్. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని వాళ్ళు వేడుకున్నారట. మనిషి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది.

"వచ్చినాయన మొదట ఎవరివైపు చూశాడు?" మాస్టారు గ్లాసు కింద పెట్టారు. "ఊళ్ళో పెద్దకులాలవాళ్ళు బడి కావాలన్నారు, పెట్టాడు. ఇంతలో మావాళ్ళు గేటు దగ్గరికొచ్చారు. మాదిగలు లోపలికొస్తే మేం బయటికిపోతామన్నారు బడిపిల్లల తాలూకు పెద్దలు. దొర ఎటూ తేల్చుకోలేకపోయాడు."

"తేల్చుకున్నాడుగా!"

"బైబిలు తెరిచి తేల్చుకున్నాడు."

మిషను చరిత్రల్లో తప్పకుండా కనిపించే కథ ఇది. ఏం చేయాలో తోచక క్లౌ ఒక బైబిలు తీస్తే, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివరి వచనాలు తగిలాయి. లోకం నీచులుగా చూసేవాళ్ళనే దేవుడు ఏరుకున్నాడనే చోటు అది. మరో గదిలో భార్య హారియెట్ తెరిచిన వేరే బైబిల్లోనూ అదే పుట వచ్చిందట. పెద్దకులాల పిల్లలు వెళ్ళిపోయారు, మాదిగల పిల్లలు ఉండిపోయారు. నమ్మేవాళ్ళకు అది దైవ నిర్ణయం. మాస్టారు నమ్మేవారే, ఆదివారం గుడి మానరు. అయినా ఆయన దృష్టి పుట మీద ఉండదు, గేటు మీద ఉంటుంది.

"గేటు దగ్గర ఎవరూ నిలబడకపోతే ఆ పుట తెరవాల్సిన పనే పడేది కాదు ఇంజనీరు గారూ. తలుపు దొర తీశాడంటారు మీరు. మావాళ్ళు తోశారంటాను నేను."

"తోసిందెవరో చెప్పండి. పేరుందా?"

"ఉంది. యర్రగుంట్ల పేరయ్య."

ఇక్కడికి రాగానే మాస్టారి గొంతు మారుతుంది. పేరయ్యది కనిగిరి వైపు తాళ్లకొండపాడు. తోళ్ళ బేరం చేసుకునే మనిషి. చెప్పులు కుట్టే చేతులతోనే గురువుల కోసం ఊళ్ళు తిరిగాడు. రాజయోగం నేర్చుకున్నాడు, తానూ పదిమందికి చెప్పాడు. దేవుడు రాతిలో లేడు, లోపల ఉన్నాడని చెప్పే గురువులు ఆ రోజుల్లో అంటరానివాడల్లోకి కూడా వస్తూ పోతూ ఉండేవారు. తోళ్ళ బేరం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు అక్కడొక మిషనరీ మాట పేరయ్య చెవిన పడింది. ఒంగోలుకూ ఒక దొర వస్తాడని విని ఎదురుచూశాడు. 1866లో బాప్తిస్మం తీసుకుని ఇంటికి పోయి ఊరుకోలేదు, చుట్టుపక్కల మాదిగపల్లెలన్నీ తిరిగాడు. 1867 జనవరిలో తన ఊరి దగ్గర డేరా వేయమని క్లౌకు కబురు పెట్టాడు. దొర వెళ్ళేసరికి పల్లెల నుంచి జనం సద్దిమూటలతో, పడుకునే బొంతలతో వచ్చి కూర్చుని ఉన్నారు. విని పోదామని కాదు, తేల్చుకుని పోదామని వచ్చినవాళ్ళు. అయిదు రోజుల తర్వాత 28 మంది బాప్తిస్మం పొందారు. అదే నెల ఒకటో తేదీన ఒంగోలు సంఘం పుట్టినప్పుడు అందులో ఉన్నది ఎనిమిది మంది.

"చూశారా? పొలం దున్ని విత్తు జల్లింది పేరయ్య. కోత రోజున బండి తోలుకొచ్చింది దొర," అన్నారు మాస్టారు.

ఇంజనీరు గారు ఒప్పుకోరు. "అట్లా అంటే ఒక లెక్క చెప్పండి. పేరయ్య లాంటి గురువులు తెలుగుదేశంలో అంతకుముందు లేరా? పోతులూరి వీరబ్రహ్మం గారి దగ్గర దూదేకుల సిద్దయ్య లేడా, మాదిగ కక్కయ్య లేడా? ఎంత మంచి మాటయినా పల్లె పొలిమేర దాటలేదు. ఎందుకని? బావి దగ్గర కొడితే కలెక్టరుకు అర్జీ పెట్టే దిక్కు లేదు గనక. క్లౌ గుర్రమెక్కి కచేరీకి పోయేవాడు. మీ పేరయ్య మాటకు అండగా నిలిచింది ఆ గుర్రమే."

నిజానికి ఇద్దరూ ఒకే సంగతిని రెండు కొసల నుంచి పట్టుకున్నారు. పేరయ్య లేకపోతే క్లౌకు పల్లె తెలియదు. క్లౌ లేకపోతే పేరయ్యకు కచేరీ లేదు. వాదన అక్కడితో ఆగిపోవాలి. ఆగదు, ఎందుకంటే ముందు ధాత కరువుంది.

మన పెద్దవాళ్ళు ఆ కరువును ఇంగ్లీషు సంవత్సరాలతో చెప్పలేదు. 1876 ధాత, 1877 ఈశ్వర. రెండేళ్ళు వానల్లేవు. మద్రాసు రాజధానిలో లక్షలమంది పోయారు. ఖర్చు తగ్గించమని వైస్రాయి పంపిన రిచర్డ్ టెంపుల్, కరువు పనుల్లో కూలీకి రోజుకు ఒక పౌను గింజలు చాలునన్నాడు. రాజధాని శానిటరీ కమిషనరు కార్నిష్, ఆ తిండితో పనిచేసే మనిషి బతకడని పోట్లాడాడు. ఒక పౌనంటే అరకిలో కూడా కాదు. అది తిని రోజంతా మన్ను తవ్వాలి.

బకింగ్‌హాం కాలువ పని ఆ కరువులోనే జోరందుకుంది. కాలువకా పేరు అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు వల్ల వచ్చింది. క్లౌ 1877లో మూడున్నర మైళ్ళ కాలువ కాంట్రాక్టు తీసుకున్నాడు. రాజుపాలెం దగ్గర తాటాకు గుడిసెలతో కూలీల శిబిరం వేశాడు. పాస్టరు కాంట్రాక్టు ఎందుకు పట్టాలి? మామూలు కాంట్రాక్టర్ల దగ్గర మాదిగ కూలీలను మేస్త్రీలు తిట్టి కొట్టేవారు, కూలి ఎగ్గొట్టేవారు. తనవాళ్ళు తన మైళ్ళలో తవ్వుకుంటే ఆ పీడ ఉండదనుకున్నాడు. పల్లెలు తిరిగి బోధించే తెలుగు ప్రచారకులే ఇక్కడ మేస్త్రీలయ్యారు.

ఇంజనీరు గారికి ఇష్టమైన ఘట్టం ఇదే. టీ బంకు బల్ల మీద వేలితో గీస్తారు. "మట్టి పనిలో మోసం ఎక్కడ జరుగుతుందో నాకు తెలుసు. గుంట తవ్వాక లోతు కొలవడానికి మధ్యలో ఒక మట్టి దిమ్మె వదులుతారు. దిమ్మె నెత్తిన నాలుగు తట్టలు పోస్తే లోతెక్కువ కనపడుతుంది, బిల్లు పెరుగుతుంది. కాస్త చెక్కేస్తే లోతు తగ్గుతుంది, కూలి తెగుతుంది. చదువురాని కూలీకి తన చెమట ఎన్ని ఘనపు గజాలో తెలియదు. కొలిచేవాడు ఎంతంటే అంత. సర్వే తెలిసిన మనిషి టేపు పట్టుకుని నిలబడి, కొలిచినంతా కూలీ చేతిలో పెడితే, అంతకన్నా పెద్ద బోధ ఉందా? నా సర్వీసులో నేను చూసిన కాంట్రాక్టర్లలో..." ఇక్కడ ఆయన ఆగి, పేర్లు చెప్పకుండా నవ్వుతారు.

"టేపు సరే. తట్ట మోసింది ఎవరు?"

"మోసినవాళ్ళకు కూలి ముట్టిందనేగా నేననేది!"

"ముట్టింది. మా ముత్తాతకూ ముట్టింది. ఆ కూలితోనే బతికాడు, కాబట్టే నేనివాళ మీ ఎదుట కూర్చున్నాను. అది కాదనను. మీరు దొరను మంచి కాంట్రాక్టరని పొగిడితే నాకే పేచీ లేదు. ఉద్ధారకుడంటేనే వస్తుంది."

బంకులో మూడో మనిషి ఒకడు, ఎవరో రొయ్యల చెరువుల కుర్రాడు, అంతదాకా ఫోను చూసుకుంటున్నవాడు తలెత్తి ఒక మాట విసిరాడు. "అంతా అన్నం కోసం కలిసినోళ్ళేగా సార్!"

మాస్టారు అతని వైపు చూశారు. కోప్పడలేదు. జవాబు ఇంజనీరు గారు చెప్తారని ఆయనకు తెలుసు.

"ఇట్రా అబ్బాయ్," అన్నారు ఇంజనీరు గారు. "కరువులో జనం గుంపులు గుంపులుగా బాప్తిస్మం అడిగారు. క్లౌ పదిహేను నెలలు ఎవ్వరికీ ఇవ్వలేదు. కడుపు కోసం వచ్చారో మనసుతో వచ్చారో తెలియదు, గింజలు పంచుతున్నన్నాళ్ళూ వద్దన్నాడు. కాలువ పని అయిపోయింది, సాయం అయిపోయింది, వానలు పడ్డాయి. అప్పుడు, 1878 జూన్‌లో తలుపు తీశాడు. అన్నం కోసమయితే అన్నం ఉన్నప్పుడు కలవాలి కదా? ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పినా జనం కదల్లేదని ఆయన తన పుస్తకంలో రాసుకున్నాడు. తవ్వి తవ్వి చేతులు బొబ్బలెక్కాయి చూడు, ఊరికే తినలేదు, మాకు కావలసింది డబ్బు కాదన్నారట."

కుర్రాడు మళ్ళీ ఫోనులోకి వెళ్ళిపోయాడు. మాస్టారు మాత్రం వదల్లేదు.

"మీ జవాబు బాగుంది ఇంజనీరు గారూ, సగమే బాగుంది. కడుపు వేరు, మనసు వేరు అనుకునేది కడుపు నిండినవాడు. ఊరంతా మమ్మల్ని చచ్చిన గొడ్డు ఈడ్చడానికి పిలిచేది. కరువులో ఒకడు పేరు పెట్టి పిలిచి, కొలిచి, కూలిచ్చాడు. అది చూసి మావాళ్ళు అటు నడిస్తే అందులో అన్నం ఉంది, మర్యాద ఉంది, దేవుడూ ఉన్నాడు. వీటిని వేర్వేరు గంపల్లో ఎవరు పోస్తారు? 1956లో నాగపూర్‌లో అంబేడ్కర్ వెంట లక్షలమంది బౌద్ధంలోకి పోతే ఎందుకోసం పోయారని అడుగుతామా? మనుషులుగా బతకడానికి పోయారు. 1878లోనూ అంతే."

ఈ ఇద్దరి మాటల్లో ఏది బలమైనదని అడిగితే, ఈ వ్యాసకర్త ఓటు మాస్టారికే. ఇంజనీరు గారి జవాబు క్లౌ నిజాయితీని కాపాడుతుంది. మాస్టారి జవాబు బాప్తిస్మం అడిగినవాళ్ళ తెలివిని కాపాడుతుంది.

ఇక వెల్లంపల్లి. ఒంగోలుకు ఉత్తరాన మద్రాసు రోడ్డు గుండ్లకమ్మను దాటే చోటు. 1878 జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. ఆ ఏడాది జూన్ మధ్య నుంచి డిసెంబరు ఆఖరు దాకా లెక్క 9,606. అప్పటికి నడుస్తున్న తెలుగు సంవత్సరం పేరు బహుధాన్య. కరువు తీరిన ఏడుకు ఆ పేరు ఎవరూ కావాలని పెట్టింది కాదు, చక్రంలో దాని వంతు వచ్చిందంతే.

ఒక్క రోజులో 2,222 మంది సాధ్యమా అని అప్పట్లోనే అమెరికాలో సందేహాలు లేచాయి. ఇంజనీరు గారు దాన్ని కూడా మట్టి పనిలాగే కొలిచారు. "ఇద్దరు పాస్టర్లు ఒకేసారి నీళ్ళలో నిలబడతారు. అలసిపోతే ఇంకో ఇద్దరు దిగుతారు, అట్లా ఆరుగురు. గట్టు మీద గుమాస్తాలు పేర్లు చదువుతారు. పొద్దున ఆరింటికి మొదలు, ఎండలో ఆపి, మళ్ళీ మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా. తొమ్మిది గంటలనుకోండి, 540 నిమిషాలు. ఒక్కొక్క పాస్టరు చోట 1,111 మంది. నిమిషానికి ఇద్దరు. అవుతుంది. తొందరేం పడక్కర్లేదు."

"ఆ ఆరుగురూ ఎవరు?"

"తెలుగువాళ్ళే."

"దొర?"

"ఆ రోజు నీళ్ళలో దిగినవాళ్ళు వాళ్ళే," ఒప్పుకున్నారు ఇంజనీరు గారు.

మాస్టారు ఇంకేమీ అనలేదు. ఆయన వాదనంతా ఆ ఒక్క దృశ్యంలోనే ఉంది. ఆ రోజు క్లౌ పేరు మీదే నిలిచిపోయింది. నడుములోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్కరినీ పేరు పెట్టి ముంచి లేపినవి తెలుగు చేతులు. వాళ్ళు రామాయపట్నం సెమినరీలోనో, పల్లెల దుమ్ములోనో తయారైన మనుషులు. వాళ్ళు దొరకు సహాయకులని పుస్తకాలు అంటాయి. నీళ్ళలో చూస్తే సహాయం ఎవరు ఎవరికి చేస్తున్నట్టు?

నిజం చెప్పాలంటే ఈ సంగతి క్లౌకు తెలియదని అనలేం. ప్రచారకులను తన అడుగుజాడల్లో నడిపించడం కన్నా, పల్లె పెద్దల పంచాయతీ పద్ధతినే సంఘంలోకి తెచ్చుకోవడం మేలని ఆయన గ్రహించాడు. ఒక్కొక్కరిని విడదీసి లాక్కురావడం మన దేశంలో కుదరదని, బంధుగణంతో కలిసే వస్తారని ముసలితనంలో చెప్పుకున్న జ్ఞాపకాల్లో ఉంది. ఆ జ్ఞాపకాలను రాసిపెట్టింది రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్. ఈమె సామాన్యురాలు కాదు. స్త్రీల హక్కుల కోసం రాసిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద 1898లో ఒక పుస్తకం వేసింది. మరుసటి ఏడు మాదిగల కథలతో 'వైల్ సోయింగ్ శాండల్స్', అంటే 'చెప్పులు కుడుతూ' అనే పుస్తకం వేసింది. పేరయ్య గురువుల వెతుకులాట మనకింత వివరంగా తెలిసింది దానివల్లే. ఆమె తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్ అమెరికాలో సామాజిక సువార్త ఉద్యమానికి పెద్ద గొంతు. మార్టిన్ లూథర్ కింగ్ తన మీద ఆయన ప్రభావం ఉందని రాసుకున్నాడు. ఒంగోలు మాదిగపల్లెకూ ఆ ఉద్యమానికీ ఒకే ఇంటి చుట్టరికం ఉండడం మన పాఠ్యపుస్తకాల్లో కనపడదు.

"కలిసేవాళ్ళకు క్లౌ పెట్టిన మూడు నియమాల సంగతి మర్చిపోతున్నాం," ఇంజనీరు గారు బిస్కెట్టు నంజుకుంటూ గుర్తుచేశారు. "ఆదివారం పనిచేయొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకు మొక్కొద్దు. పైకి మతం మాటల్లా ఉన్నాయి. ఊరి లెక్కలో చూడండి. మొదటిది వెట్టికి అడ్డు. ఆసామి రమ్మన్న రోజు రానని మాదిగవాడు అనడం అంతకుముందు ఉందా? రెండోది చచ్చిన గొడ్డు చుట్టూ అల్లుకున్న కట్టుబాటును కదిలించింది. సంస్కరణ అంటే ఇంతకన్నా ఏం కావాలి?"

"మూడోది డప్పు ఆపేసింది," అన్నారు మాస్టారు.

ఇంజనీరు గారు చప్పున తలెత్తారు. ఇది ఆయన ఊహించని వైపు.

"జాతరలో డప్పు కొట్టడం మాదిగల విధి. విగ్రహం ముందు కొట్టేది కనక కలిసినవాళ్ళు మానేశారు. ఊరి పెద్దలకు కోపమొచ్చింది. బావి మూశారు, దారి మూశారు, పని మూశారు. నిలబడ్డారు మావాళ్ళు, అది గొప్పే. కానీ డప్పు బలవంతపు చాకిరీ మాత్రమే కాదండీ. అది మా వాద్యం. మా తాత తరం దాన్ని సిగ్గుగా చూసింది. వందేళ్ళ తర్వాత దళిత సభల్లో కుర్రాళ్ళు మళ్ళీ భుజాన వేసుకుంటే, మా నాన్న గుడి నుంచి వస్తూ అది విని చాలాసేపు నిలబడిపోయాడు. ఆయన మొహం నాకింకా గుర్తే. వెట్టితో పాటు వాద్యాన్ని కూడా పారేయించినవాడిని సంస్కర్త అనాలంటే నా నోరు సగమే తెరుచుకుంటుంది."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బంకు అతను పాలు మరగబెట్టడానికి స్టవ్ మంట పెంచాడు.

"కులం పోయిందా మరి?" ఈసారి ఇంజనీరు గారే అడిగారు, గొంతు తగ్గించి.

"పోలేదు. గుంటూరు, ఒంగోలు వైపు ఏ మిషను గుడి ఏ కులానిదో ఊళ్ళో పిల్లాడు కూడా చెప్పగలడు. పెళ్ళి సంబంధాల దగ్గర చూడండి. మతం మారినా కులం వెంట వచ్చిందని, తెచ్చుకున్నవాళ్ళు దానితో పోరాడలేదని అంబేడ్కర్ నిష్ఠూరంగానే రాశారు. ఇక కాగితం మీద సంగతి మీకు తెలుసు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ అంటే హిందువే. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మా సర్టిఫికెట్టు బీసీ-సి, ఒక్క శాతం. ఆ ఒక్క శాతం చూసి ఎంతమంది గుడికి పోతూ కూడా కాగితం మీద హిందువుగానే ఉండిపోయారో! గుండ్లకమ్మలో మునిగినవాడి మునిమనవడు తాసిల్దారు ఆఫీసులో మునగనట్టు సంతకం పెట్టాలి."

"దానికి క్లౌను తప్పుపడతారా? ఆయన 1910లోనే పోయాడు."

"తప్పుపట్టను. ఆయన ఖాతాలో జమ మాత్రమే రాసి, ఖర్చు ఇంకెవరి ఖాతాలోనో రాయొద్దంటున్నాను."

ఇంజనీరు గారి ఆఖరి అస్త్రం ఎప్పుడూ ఒకటే. అదే 1878లో రాజమండ్రిలో వీరేశలింగం గారు ప్రార్థన సమాజం పెట్టారు, 1881 డిసెంబరులో మొదటి వితంతు వివాహం చేశారు. ప్రతి పిల్లాడూ చదువుతాడు, చదవాల్సిందే. వెల్లంపల్లిలో 2,222 మంది అదే ఏడు తమ బతుకును తామే మార్చుకుంటే అది చరిత్ర పుటల్లో ఎందుకు లేదు? దాన్ని మతం గదిలో పెట్టి తాళం వేశాం. తెలుగునాట సంస్కరణంటే చదువుకున్నవాళ్ళ ఇళ్ళల్లో జరిగింది మాత్రమే అయింది.

ఈసారి మాస్టారు తలూపారు. "ఇదొక్కటీ మీరు సరిగ్గా అన్నారు. ఇంకొకటి కలుపుకోండి. 1994 జులైలో ఎస్సీ వర్గీకరణ కోసం మాదిగ దండోరా మొదలైంది ఎక్కడ? ఈదుమూడిలో, ఇదే ప్రకాశం జిల్లాలో. వర్గీకరణ చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2024 ఆగస్టులో చెప్పింది. దీనికి క్లౌ కారణమంటే నేనొప్పుకోను. పేరయ్య కారణమన్నా రుజువు చూపించలేను. కానీ 1867లో సద్దిమూట కట్టుకుని తేల్చుకోవడానికి డేరా దగ్గరికొచ్చిన నేల ఇదే. అడగడం ఈ నేలకు పాత అలవాటు."

టీ డబ్బులు ఎవరిస్తారన్న తగాదా మామూలుగానే జరిగింది. ఈసారి మాస్టారు ఇచ్చారు. వెళ్ళబోతూ ఇంజనీరు గారు కాలువ వైపు చూసి అడిగారు. "మీ ముత్తాత పేరేమిటి మాస్టారూ? ఇన్నేళ్ళయింది, నేనెప్పుడూ అడగలేదు."

మాస్టారు బాప్తిస్మపు పేరు చెప్పారు. అంతకుముందు పేరేమిటని ఇంజనీరు గారు మళ్ళీ అడిగితే, తెలియదన్నారు. వాళ్ళ ఇంట్లో ఎవరికీ తెలియదు.

జులై 3న గట్టు మీద గుమాస్తాలు 2,222 పేర్లు చదివారు. ప్రకాశం, నెల్లూరు, గుంటూరు జిల్లాల్లో పాత సంఘాల చేతిరాత రిజిస్టర్లు ఎక్కడెక్కడ చెక్కపెట్టెల్లో మిగిలున్నాయో, వాటిలో చెదలు తిననివి ఎన్నో, అక్కడున్నవాళ్ళకే తెలియాలి. ఈ వ్యాసం చదివేవాళ్ళలో ఎవరింట్లోనైనా అలాంటి పుస్తకం ఉన్నా, కాలువ తవ్విన తాతముత్తాతల పేరు చెప్పగల ముసలమ్మ ఉన్నా, ఈ వానాకాలం లోపల ఆ పేర్లు ఒక నోటుబుక్కులోకి ఎక్కించండి. మారిన పేరు రాయండి, మారకముందు పేరు తెలిస్తే అదీ రాయండి.